ఇంటి పని అయ్యాక మిగిలిన సామాను: ఏది దాచాలి, ఏది వదిలించుకోవాలి

ఇంటి పని పూర్తయ్యేసరికి మెట్ల కింద ఒక కుప్ప తయారవుతుంది. నాలుగైదు టైల్స్ డబ్బాలు, అడుగున కాస్త రంగు మిగిలిన బకెట్లు, సగం వాడిన సిమెంటు బస్తా, పైపు ముక్కలు, ప్లైవుడ్ చెక్కలు, ఎలక్ట్రీషియన్ వదిలేసిన స్విచ్ ప్లేట్లు. డబ్బు పోసి కొన్నవి కాబట్టి పారేయడానికి చేతులు రావు. కొందరు ‘ఎప్పుడైనా పనికొస్తాయిలే’ అని అన్నీ ఉంచేస్తారు. కొందరు గృహప్రవేశం నాటికి ఇల్లు శుభ్రంగా కనబడాలని మొత్తం ఆటో ట్రాలీ ఎక్కించేస్తారు. రెండింటిలోనూ నష్టముంది. అన్నీ ఉంచినవాళ్ళ దగ్గర నాలుగేళ్ళ తర్వాత గడ్డకట్టిన సిమెంటు ఉంటుంది, అవసరమైన బాత్రూమ్ టైలు మాత్రం ఉండదు. అన్నీ పంపించేసినవాళ్ళ దగ్గర ఆ టైలు పేరు కూడా ఉండదు.

ఏది దాచాలో తేల్చుకోవడానికి రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఈ వస్తువు ఊరికే పెడితే పాడవుతుందా? అయిదేళ్ళ తర్వాత షాపుకు వెళితే అచ్చం ఇలాంటిదే దొరుకుతుందా? సిమెంటు పాడవుతుంది, కానీ ఏ వీధి చివరకు వెళ్ళినా దొరుకుతుంది. టైలు పాడవదు, కానీ మళ్ళీ దొరకదు. గోడ రంగు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, అందుకే దాని విషయంలోనే అందరూ ఎక్కువ తికమక పడతారు.

పెంకుటిళ్ళ కాలంలో ఈ లెక్క పెద్దవాళ్ళకు బాగా తెలుసు. పెరట్లో గోడవారన కొన్ని పెంకులు దొంతరగా పేర్చి ఉంచేవారు. కోతులు పైకప్పు ఎక్కి నాలుగు పగలగొడితే వానాకాలానికి ముందే మార్చేసేవారు. అప్పటి పెంకు పాడయ్యేది కాదు, చాలా ఏళ్ళ వరకు అదే సైజులో మళ్ళీ దొరికేది కూడా. ఇప్పుడు మన నేల మీద, గోడల మీద ఉన్న సామాను అలాంటిది కాదు. డిజైన్ మార్కెట్లో ఉండేది కొద్దికాలమే. ఇల్లు మాత్రం ముప్పై ఏళ్ళు ఉండాలి.

టైల్స్: డబ్బా మీద రాసినది ముందు చదవాలి

మన దేశంలో తయారయ్యే టైల్స్‌లో అత్యధిక భాగం గుజరాత్‌లోని మోర్బీ చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి వస్తుంది. వందలాది యూనిట్లు ఒకదానితో ఒకటి పోటీ పడుతూ ఎప్పటికప్పుడు కొత్త డిజైన్లు దించుతుంటాయి. డిజైన్‌ను డిజిటల్ ప్రింటింగ్‌తో వేస్తారు కాబట్టి పాతదాన్ని ఆపి కొత్తది మొదలుపెట్టడం వాళ్ళకు తేలిక. అందుకే ‘అదే కంపెనీ, అదే షాపు’ అని ధీమాగా వెళితే, ‘ఆ డిజైన్ ఎప్పుడో ఆగిపోయింది సార్’ అనే మాట వినాల్సి వస్తుంది.

డిజైన్ అదే దొరికినా సమస్య తీరదు. విట్రిఫైడ్ టైల్స్‌ను, అంటే గాజులా గట్టిపడేలా కాల్చే టైల్స్‌ను, దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. మట్టి మిశ్రమంలోనో కొలిమి వేడిలోనో కొద్దిపాటి తేడా వచ్చినా రంగు ఒక పిసరు మారుతుంది. అందుకే ప్రతి విడతకూ డబ్బా మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు వేస్తారు. ఒకే పేరు, ఒకే సైజు ఉన్నా షేడ్ నంబరు వేరైతే పక్కపక్కన పెట్టినప్పుడు తేడా కనబడిపోతుంది. షాపులో ట్యూబ్‌లైటు కింద చూస్తే ఒక్కటే అనిపిస్తుంది, ఇంట్లో కిటికీ వెలుగు పడగానే ఆ ఒక్క టైలే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కాల్చాక టైలు కొలతలో కూడా మిల్లీమీటరు అటూ ఇటూ తేడా వస్తుంది. అది తేలిపోయేది జాయింట్ల దగ్గర. అంచులు కోసి సరిచేసిన రెక్టిఫైడ్ టైల్స్‌లో ఈ బాధ తక్కువ.

మరి ఎన్ని ఉంచాలి? చాలా ఇళ్ళలో హాలు టైల్స్ రెండు మూడు డబ్బాలు భద్రంగా ఉంటాయి, బాత్రూమ్ టైల్స్ ఒక్కటీ ఉండదు. నా దృష్టిలో ఇది తలకిందులు వ్యవహారం. హాలు నేల కింద సాధారణంగా పైపులు ఉండవు. బరువైనది పడి పగిలితేనో, కింద డొల్ల పడి లేస్తేనో మార్చాలి. బాత్రూమ్ గోడ వెనక అలా కాదు. చన్నీళ్ళ పైపు, గీజర్ పైపు, నీళ్ళను షవర్‌కో కుళాయికో మళ్ళించే డైవర్టర్, వాటి జాయింట్లు అన్నీ అక్కడే ఉంటాయి. కింది ఫ్లాట్ సీలింగ్‌లో తడి మరక కనబడిందంటే పై ఫ్లాట్‌లో టైల్స్ పగలాల్సిందే. అనుభవమున్న ప్లంబర్ సుత్తి ఎత్తే ముందు అడిగే మొదటి మాట ‘సార్, ఇవే టైల్స్ ఏమైనా ఉంచారా?’ అనే. లేవంటే అతను కూడా వెనకాడతాడు. పగలాల్సిన చోట కాక, తలుపు వెనక కనబడని చోటు ఏదైనా ఉందా అని వెతుకుతాడు. అలా రిపేరు సగం సగంగా అయి, ఏడాది తిరక్కుండా మళ్ళీ అదే మరక వస్తుంది.

అందుకని బాత్రూమ్‌లో వాడిన ప్రతి రకం నుంచీ, అంటే లేత రంగు, ముదురు రంగు, పువ్వులున్న హైలైటర్, నేల మీద గరుకు టైలు, అన్నింటి నుంచీ ఒక్కో డబ్బా ఉంచమంటాను. హాలుకు రెండడుగుల టైల్స్ అయితే రెండు డబ్బాలు సరిపోతాయి. డబ్బాకు నాలుగు టైల్స్, పదిహేనున్నర చదరపు అడుగులు. ఒక టైలు మార్చాలంటే ఒక్కటి చాలదని గుర్తుంచుకోవాలి. పగిలినదాన్ని తీసేటప్పుడు మేస్త్రీ జాయింటును కటింగ్ మెషిన్‌తో కోసి, మధ్యలో కొట్టి, అంచుల వైపు చెక్కుకుంటూ వస్తాడు. ఎంత జాగ్రత్తపడ్డా పక్కది చిట్లే ప్రమాదం ఉంటుంది. చలవరాయి గీతల డిజైన్లలో ఇంకో చిక్కుంది. ఒకే డిజైన్‌లో నాలుగైదు రకాల గీతలతో టైల్స్ వస్తాయి. మిగిలిన రెండూ ఒకే రకం గీతలవైతే పక్కవాటితో కలవకపోవచ్చు. ఉంచేటప్పుడు వేర్వేరు గీతలవి ఏరి ఉంచుకోవాలి.

సీలు తీయని డబ్బాలను కొంత గడువులోగా వెనక్కి తీసుకునే షాపులు చాలా ఉన్నాయి. ఎనిమిది మిగిలితే ఆరు వాపసు ఇచ్చి రెండు ఉంచుకోవచ్చు. డబ్బుకు ఇబ్బందిగా ఉన్నవాళ్ళకు ఇది మంచి మార్గం. ఆ మాట కొనే రోజే అడిగి బిల్లు మీద రాయించుకోవాలి.

బరువు, తడి, చెద

ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంలా కనబడుతుంది కానీ టైల్స్ విషయంలో కాదు. రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్ డబ్బా ఒక్కటి పాతిక నుంచి ముప్పై కిలోలు తూగుతుంది. పది డబ్బాలు అటక మీద పెడితే సుమారు మూడు వందల కిలోలు. అటక శ్లాబు పలచగా ఉంటుంది, దాన్ని పోసింది పాత సామాన్లు, పండగ గిన్నెలు పెట్టుకోవడానికి. దయచేసి టైల్స్ అక్కడికి ఎక్కించకండి. మెట్ల కింద నేల మీద పెట్టడమే మేలు. వాస్తు చూసుకునే ఇళ్ళలో ఈశాన్యంలో బరువు వద్దని ఎలాగూ అంటారు, నైరుతి మూలో, మెట్ల కిందో చోటు చూసుకుంటారు. ఎక్కడైనా సరే, నేలకు తగలకుండా రెండు గ్రానైట్ పట్టీలు వేసి, వాటి మీద టైల్స్‌ను అంచు మీద నిలబెట్టాలి. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే కిందవి చిట్లుతాయి.

మన వాతావరణంలో అట్టపెట్టె అసలు శత్రువు. తడి గోడకు ఆనించి ఉంచిన అట్టను చెద పడితే పెట్టెతోపాటు లేబుల్ కూడా పోతుంది. టైలుకు ఏమీ కాదు, కానీ అది ఏ కంపెనీదో, ఏ బ్యాచో చెప్పే కాగితం మట్టి అయిపోతుంది. లేబుల్ ఉన్న వైపు కత్తిరించి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, టైలు వెనక మార్కర్‌తో ‘పెద్ద బెడ్రూమ్ బాత్రూమ్, గోడ’ అని రాసేస్తే ఆ బెడద ఉండదు. గోడ టైల్స్ విషయంలో తడి గురించి మరికొంత జాగ్రత్త అవసరం. విట్రిఫైడ్ టైలు తన బరువులో అర శాతం కంటే తక్కువ నీరు పీలుస్తుంది. మామూలు గోడ టైలు పది శాతం దాటి పీలుస్తుంది. వాన జల్లు పడే డాబా మీద, ట్యాంకు కింద వాటిని పెట్టకూడదు.

రంగు: దాచినా ఎందుకు కలవదు

పిల్లలు గోడ మీద గీసిన చోటో, మేకు పీకిన చోటో, పాత బకెట్ తెరిచి బ్రష్షుతో ఒక పూత వేస్తాం. అదే రంగు, అదే బకెట్. అయినా ఆ చోటు మరకలా కనబడుతుంది. రంగు మారిందని కంపెనీని తిట్టుకుంటాం. మారింది ఎక్కువగా గోడ. కిటికీ ఎండ, వంటింటి పొగ, పూజగది అగరువత్తుల మసి, తడిగుడ్డతో తుడిచిన తుడుపులు, అన్నీ కలిసి మూడేళ్ళలో గోడ రంగును కొద్దికొద్దిగా దింపేస్తాయి. బకెట్లో ఉన్నది మాత్రం మొదటి రోజు రంగు. పైగా గోడకు మొదట రోలర్‌తో వేసి, ఇప్పుడు బ్రష్షుతో అద్దితే పూత గరుకుదనం కూడా వేరుగా కనిపిస్తుంది.

అందువల్ల మిగిలిన రంగుతో చేయగలిగింది రెండు పనులే. ఇల్లు కట్టిన మొదటి ఒకటి రెండేళ్ళలో చిన్న గీతలు దిద్దుకోవడం. ఆ తర్వాత, ఒక మూల నుంచి ఇంకో మూల వరకు గోడంతా వేయడం. మొదటి పనికి లీటరులోపు చాలు. రెండో పనికి మిగిలినది ఎలాగూ సరిపోదు, కొత్తగా కలిపించుకోవాలి. కాబట్టి ఇరవై లీటర్ల బకెట్లలో అడుగున ఉన్న రంగును దాచి చోటు పాడుచేసుకునే బదులు, ఒక్కో రంగు నుంచి ఒక చిన్న డబ్బాడు ఉంచుకోవడం తెలివైన పని.

ఆ చిన్న డబ్బాలోకి ఏది పోస్తున్నామన్నది ముఖ్యం. పెయింటర్ ఉదయం బకెట్లో నీళ్ళు కలుపుకుని పని మొదలుపెడతాడు. సాయంత్రం మిగిలినదాన్ని మళ్ళీ పాత బకెట్లోకి వంపేస్తుంటాడు. నీళ్ళు కలిసిన ఎమల్షన్, అంటే నీటితో పలచన చేసే గోడ రంగు, ఎక్కువ కాలం ఉండదు. కంపెనీ వేసిన నిలవ మందు పలచబడుతుంది, బోరు నీటితోపాటు సూక్ష్మజీవులు చేరతాయి, కొన్ని వారాల్లోనే మురుగు వాసన వస్తుంది. పని మొదలయ్యే ముందే, నీళ్ళు కలపకముందే, ముప్పావు లీటరు రంగు వేరుగా తీసి పెట్టమని చెప్పాలి. డబ్బా నిండా అంచు వరకు పోస్తే లోపల గాలి ఉండదు, పైన మీగడ కట్టదు. మూత బిగించి, నీడలో, వేడి తగలని చోట పెట్టాలి.

రంగు కంటే విలువైనది బకెట్ మూత మీద అంటించిన చిన్న స్టిక్కర్. రంగు మెషిన్‌లో కలిపించినప్పుడు షేడ్ కోడ్, బేస్ (రంగులు కలిపే మూల పెయింట్), ఏ రకం ఎమల్షన్ అన్నది దాని మీద అచ్చవుతుంది. రెండో రోజుకల్లా దాని మీద రంగు ఒలికి ఏమీ కనబడదు. బకెట్ ఇంట్లోకి రాగానే ఫోన్‌తో ఫొటో తీసేయాలి. కోడ్ ఒక్కటే రాసుకుంటే చాలదు. అదే కోడ్‌ను మెరుపున్న రకంలో కలిపిస్తే ఒకలా, మెరుపు లేని రకంలో కలిపిస్తే ఒకలా ఉంటుంది.

ఎనామిల్ (నూనె రంగు), థిన్నర్, టర్పెంటైన్ సంగతి వేరు. అవి మంటను పట్టేస్తాయి. గ్యాస్ సిలిండర్ ఉన్న వంటింటి అరలో, ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన వాటిని ఉంచకూడదు. అసలు ఇంట్లో ఉంచకపోతేనే మంచిది, తలుపులకు గ్రిల్స్‌కు కావాల్సినప్పుడు చిన్న డబ్బా కొనుక్కోవచ్చు. ఎప్పటివో తెలియని పాత ఎనామిల్ డబ్బాలు ఉంటే మరీ జాగ్రత్త. ఇళ్ళలో వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలు మించకూడదన్న కేంద్ర నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు డబ్బాల్లో ఎంత ఉందో చెప్పలేం. చిన్నపిల్లలున్న ఇంట్లో ఉయ్యాలకో, మంచం కోళ్ళకో ఆ రంగు వేయకండి. ఇలాంటి డబ్బాలను కాలువలో వంపకూడదు. ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం రంగు డబ్బాలను తడి చెత్త పొడి చెత్తలతో కలపకుండా వేరుగా ఇవ్వాలి. మిగిలిపోయిన ఎమల్షన్ అయితే ఇసుకో రంపపు పొట్టో కలిపి గట్టిపడ్డాక ఇవ్వడం మేలు.

సిమెంటు, లప్పం, గమ్ములు

వీటి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఉంచకండి. సిమెంటు గాలిలోని తేమను పీల్చుకుంటూ బస్తాలోనే కొద్దికొద్దిగా గట్టిపడుతుంది. మూడు నెలలకే బలంలో సుమారు అయిదో వంతు పోతుందని సివిల్ ఇంజనీరింగ్ పుస్తకాలు చెబుతాయి. మూడు నెలలు దాటితే మళ్ళీ పరీక్షించాకే వాడాలన్నది నిర్మాణ రంగంలో పాటించే పద్ధతి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇంకా త్వరగా పాడవుతుంది. ఉండలు చిదిమి, జల్లించి వాడేద్దామనే మేస్త్రీ మాట వినకూడదు, ముఖ్యంగా బాత్రూమ్‌లోనూ డాబా మీదా. సగం బస్తా మిగిలితే ఆ వారమే ప్రహరీ గోడ పగుళ్ళకో, మొక్కల పాదు చుట్టూ గట్టుకో వాడేయాలి. లేదా పక్కింట్లో పని జరుగుతుంటే ఇచ్చేయాలి. లప్పం పొడి, టైల్స్ అతికించే గమ్ము, జాయింట్లు నింపే పౌడర్ కూడా ఇంతే. జాయింటు పౌడర్ కంపెనీ పేరు, రంగు పేరు రాసి ఉంచుకుంటే చాలు. పైపులు అతికించే సొల్యూషన్ డబ్బా ఒకసారి తెరిచాక జిగురుగా తయారవుతుంది. దానితో అతికించిన జాయింటు గోడలో కారడం మొదలైతే, ముందు చెప్పుకున్న బాత్రూమ్ టైల్స్ కథే.

రాయి, చెక్క, కరెంటు సామాను

గ్రానైట్‌ది టైల్స్ లాంటి కథే, ఇంకాస్త కఠినం. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ అయినా, కరీంనగర్ టాన్ బ్రౌన్ అయినా పేరు మారకపోవచ్చు, కానీ క్వారీలో ఒక దిమ్మ నుంచి ఇంకో దిమ్మకు చుక్కలూ చాయా మారతాయి. తాండూరు, బేతంచెర్ల బండల్లోనూ అంతే. వంటగట్టుకు సింకు కోసం కోసిన ముక్కను మేస్త్రీ చెత్తలో పడేస్తాడు. అది మీ గట్టుతో ఒకే దిమ్మ నుంచి వచ్చిన ముక్క. రేపు అంచు ఊడినా, స్టవ్ పక్కన చిన్న పట్టీ వేయాల్సి వచ్చినా అంతకంటే బాగా కలిసేది ఈ భూమ్మీద ఎక్కడా దొరకదు. దాన్ని అడిగి తీసి పెట్టించుకోండి.

కప్‌బోర్డులకు అతికించిన సన్‌మైకా డిజైన్లు కూడా కంపెనీలు తరచూ మారుస్తుంటాయి. రెండడుగుల ముక్క ఒకటి, అంచుకు వేసే టేపు కొంత, వెనక అచ్చయిన కోడ్ ఫొటో, ఇవి ఉంటే చాలు. ప్లైవుడ్ ముక్కలు మాత్రం వద్దు. నేల మీద గోడకు ఆనించిన పాత చెక్క చెదలకు మంచి దారి, అక్కడి నుంచి మంచి కప్‌బోర్డులోకి వెళ్ళడానికి వాటికి ఎంతో కాలం పట్టదు.

మాడ్యులర్ స్విచ్‌ల గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఒక కంపెనీ స్విచ్ ఇంకో కంపెనీ ప్లేటులో కూర్చోదు. చాలాసార్లు అదే కంపెనీ కొత్త సిరీస్ కూడా పాత ప్లేటులో కూర్చోదు. సిరీస్ ఆగిపోతే ఒక్క స్విచ్ కోసం బోర్డంతా మార్చాలి. నాలుగు స్విచ్‌లు, రెండు సాకెట్లు, ఒక ఫ్యాన్ రెగ్యులేటర్, రెండు ప్లేట్లు డబ్బాలో పెట్టుకుంటే పదేళ్ళు నిశ్చింత. మిగిలిన వైరు పాడవదు, కానీ ఎలుకలకు అందకుండా ఉంచి, ఏ సైజుదో కట్ట మీద రాసిపెట్టాలి. లైట్లకు తెచ్చిన ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరును ఏసీకో గీజర్‌కో వాడటం, ముక్కలు అతికి పైపులోకి దూర్చడం ప్రమాదం. లేత గోధుమ రంగు సీపీవీసీ పైపు ముక్కలను డాబా మీద ఎండలో పడేస్తే పెళుసెక్కుతాయి.

అపార్ట్‌మెంట్ కొనేవాళ్ళు తాళాలు తీసుకునేటప్పుడే బిల్డర్‌ను ప్రతి రకం టైలు ఒక్కో డబ్బా, రంగుల కోడ్‌లు, గోడల్లో దాచిన (కన్సీల్డ్) పైపుల ఫొటోలు అడగాలి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి అయిదేళ్ళలోపు పనితనంలోనో నాణ్యతలోనో లోపం బయటపడి చెబితే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. సరిచేస్తారు సరే, ఆ టైలు అప్పటికి ఎక్కడిది? మనింట్లో ఒక డబ్బా ఉంటే ‘దొరకట్లేదు’ అనే సాకుకు చోటుండదు. లిఫ్టు ముందు, మెట్ల మీద వేసిన టైల్స్, బయటి గోడల రంగు కోడ్ అసోసియేషన్ దాచాలి. కమిటీలు మారతాయి కాబట్టి ఆ వివరాలు ఒకరి ఫోన్లో కాక రిజిస్టర్లో ఉండాలి. ఇల్లు అద్దెకిచ్చి అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండేవాళ్ళు లేబుల్ ఫొటోలన్నీ అద్దెదారుకూ, ఊళ్ళో చూసుకునే బంధువుకూ పంపి, టైల్స్ ఎక్కడున్నాయో చెప్పి ఉంచాలి. లేకపోతే ప్లంబర్ చేతికి దొరికిన టైలే గోడకెక్కుతుంది.

ఇల్లు అమ్మినా అంతే. ఆ టైల్స్, ఆ రాయి ముక్క, ఆ స్విచ్‌లు ఇంకో ఇంటికి పనికిరావు. వాటిని మెట్ల కింద అక్కడే ఉంచి, కోడ్‌ల కాగితం ఇంటి దస్తావేజులతో కలిపి కొన్నవారికి ఇచ్చేయాలి.